పీసాకు బదులు తెలుక్ ఇంతాన్

మేము ఇటలీ వెళ్ళలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. మలేషియాలోని క్లాంగ్‌లో మా వీధివాళ్ళందరికీ మేము ఇటలీ వెళ్తున్నామని చాలాకాలంగా తెలుసు. మొదటి రోజు పీసాలో వాలిన గోపురం, మర్నాడు ఫ్లోరెన్స్‌లో పెద్ద చర్చి గుమ్మటం, రెండూ పై దాకా ఎక్కుతాం అని మావారు కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పేవారు. చివరికి మేము ఎక్కింది పెరాక్ రాష్ట్రంలోని తెలుక్ ఇంతాన్ గడియార గోపురం, ఆ తరువాత బతు గాజా దగ్గర కట్టి వదిలేసిన ఒక కోట. రెండూ ఒకే రోజున. మొదటిదాన్ని ఇక్కడివాళ్ళు మలేషియా పీసా అంటారు. నవ్వుతూనే అంటారు గాని, కొంచెం గర్వంగా కూడా అంటారు.

మావారు అప్పన్న బంటింగ్ దగ్గర ఒక రబ్బరు తోటలో పుట్టారు. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చినవారు. నన్ను ఆయన వరం అని పిలుస్తారు. నేను బొబ్బిలి దగ్గర పుట్టి, పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చినదాన్ని. నేను బడిలో నేర్చుకున్న తెలుగు మాట్లాడతాను, ఆయన మా అమ్మమ్మ మాట్లాడిన తెలుగు మాట్లాడతారు, మధ్యలో మలాయ్‌వాళ్ళ ‘లా’ తగిలిస్తూ. రేవులో ఆయనది క్రేన్ నడిపే ఉద్యోగం. ఓడల మీంచి కంటెయినర్లు దించడం. జెనోవా, లివోర్నో అని ఇటలీ రేవుల పేర్లు రాసిన పెట్టెలు ఎన్నో ఆయన చేతుల మీదుగా దిగాయి. లివోర్నో నుంచి వచ్చిన ఓడ నావికుడొకడు, వాలిన గోపురం మా రేవుకు పక్కనే, రా చూద్దువు అన్నాడట. ఇటలీ మా ఇంట్లోకి అలా వచ్చింది.

నాకేమో ఎత్తంటే భయం. మేడ మీద పిట్టగోడ దగ్గరికి కూడా వెళ్ళను. క్రేన్ క్యాబిన్‌లోంచి లోకం ఎలా కనిపిస్తుందో నాకు చూపించాలని ఆయనకు పెద్ద కోరిక. ఒక్కసారి రేవువాళ్ళు ఉద్యోగుల కుటుంబాలను పైకి ఎక్కించి చూపిస్తామన్నారు. ఆ రోజు తెల్లవారుజాము నుంచి ఒకటే వాన, కార్యక్రమం ఆపేశారు. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నాం. వచ్చే ఏడాది ఎందుకో పెట్టలేదు, ఆ తరువాతా పెట్టలేదు.

ఏటా చేసే వైద్య పరీక్షలో ఆయన కళ్ళకు గ్లాకోమా అని తేలింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఏమీ లేదు. పక్కలకు కనిపించే చూపు మాత్రం చాలా వరకు పోయింది. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవడానికి ఆపరేషన్ చేయాలి అన్నారు డాక్టరు. క్రేన్ ఎక్కడం ఆ రోజుతో ఆగిపోయింది. ఇటలీ టిక్కెట్ల మాట నేనే ఎత్తాను. ఆయన భోజనం చేస్తూ తలెత్తకుండా అన్నారు, “అంత దూరం ఎల్లి ఏటి సూస్తాను వరం? టీవీలో సూసినట్టే ఉంటాది.”

ఆపరేషన్‌కు వారం ముందు, తెలుక్ ఇంతాన్ అయినా వెళ్దాం, నేను కూడా ఎక్కుతాను అన్నాను. ఆయన నమ్మలేదు. కానీ పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.

వరి పొలాల దారి

ఎప్పుడూ కారు నడిపేది ఆయన. నేను మార్కెట్‌కూ గుడికీ తప్ప నడిపి ఎరగను. ఆ రోజు క్లాంగ్ దాటి సముద్రం వెంబడి ఉత్తరానికి పోయే రోడ్డు మీద నేను స్టీరింగ్ పట్టుకుంటే, ఆయన పక్క సీట్లో కాళ్ళతో లేని బ్రేకు తొక్కుతూ కూర్చున్నారు. లారీ వచ్చినప్పుడల్లా నా భుజాలు బిగుసుకునేవి. ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు. ఊరుకోవడం ఆయన స్వభావం కాదు. సలహా ఇవ్వాలంటే పక్కనుంచి వచ్చేది కనబడాలి కదా అని నాకు ఆలస్యంగా తట్టింది.

సెకించాన్ దగ్గర రోడ్డు పక్కన వరి పొలాలు మొదలవుతాయి. మలేషియా అంటే పామాయిల్ తోటలే అనుకునేవారు ఆ దారిన ఒక్కసారి వెళ్ళాలి. కనుచూపు మేర పచ్చగా, చదునుగా, మధ్యలో కాలువలు. మా నాగావళి ఆయకట్టును ఎవరో కొలిచి గీసినట్టు ఉంటుంది. అటు చూడండి, కొంగల గుంపు అన్నాను. ఆయన తల పూర్తిగా తిప్పి, కిందికీ పైకీ వెతికి, ఆ గొట్టంలోకి కొంగలను తెచ్చుకునేసరికి మేము దాటిపోయాం. రెండు మూడుసార్లు అలాగే అయ్యింది. తరువాత నేను కొంచెం ముందుగానే చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఎడమవైపు గుడి వస్తుంది, ఇప్పుడు కాలువ మీద చెక్క వంతెన వస్తుంది అని. ఆయన అటు తల తిప్పి సిద్ధంగా ఉండేవారు. అలా కొన్ని దొరికాయి.

హుటాన్ మెలింటాంగ్‌లో కాఫీ

చేపల పడవలు ఆగే ఊరు హుటాన్ మెలింటాంగ్. ఊళ్ళోకి రాకముందే ఎండు రొయ్యల వాసన కారులోకి వస్తుంది. నది వైపు పోయే సందులో ఒక సరుకుల కొట్టు, దాని ముందు రెండు బల్లలు కనిపిస్తే ఆగాం. మేమిద్దరం మాట్లాడుకోవడం విని లోపలినుంచి ఒక పెద్దావిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పేరు పైడమ్మ. ఈ దేశంలో పాత తెలుగువాళ్ళు కలిస్తే ఏ ఊరని అడగరు, ఏ తోట అని అడుగుతారు. ఆవిడా అదే అడిగింది. బంటింగ్ తోట పేరు మావారు చెప్పగానే, తన పెద్దమ్మ కూతుర్ని అక్కడికే ఇచ్చారని చెప్పి, ఆ తోటలోని నీళ్ళ ట్యాంకు నుంచి మారియమ్మ గుడి దాకా అన్నీ అడిగింది. ఆ తోట ఇప్పుడు ఇళ్ళ స్థలాలైపోయిందని మావారు చెప్పారు.

తరువాత నన్ను అడిగింది. నేను బొబ్బిలి అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“మా యమ్మ ఎప్పుడూ ఆ పేరే సెప్పేది. నిజంగానే ఉన్నాదా అమ్మా ఆ ఊరు?”

ఉందని చెప్పాను. బజారు, రైల్వే స్టేషను, కోట అన్నీ చెప్పాను. చిన్నప్పుడు విన్న కథలో ఊరిని ఎవరో చూసొచ్చి చెబుతున్నట్టు వింది. ఆవిడ కోడలు తమిళ అమ్మాయి, లోపల దోశలు పోస్తోంది. మా మాటలు ఆ అమ్మాయికి అర్థం కావు. మనవరాలికి అర్థమవుతాయిట గాని నోట రావట. నేను చచ్చిపోతే ఈ ఇంట్లో ఈ మాట ఉండదు అని పైడమ్మ, మరో దోశ వేయించనా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

దోశలోకి ఎండు చేపల పులుసు. మా ఊళ్ళో పొద్దున్న పూట చేప తినం, ఇక్కడ పొద్దున్నే తింటారు. ఇన్నేళ్ళయినా నాకు అలవాటు కాలేదు గాని ఆ పులుసు మాత్రం బాగుంది. తింటూ మావారు కాఫీ కప్పు బల్ల అంచుకు పెట్టారు. బల్ల అక్కడితో అయిపోయిందని ఆయనకు కనబడలేదు. కప్పు పడి పగిలింది. ఆయన మొహం ఎర్రబడింది. పైడమ్మ ఒక్కసారి ఆయన కళ్ళలోకి చూసి, ఏమీ అడగకుండా తుడిచేసి, స్టీలు గ్లాసులో మళ్ళీ కాఫీ తెచ్చి ఆయన చేతికే అందించింది.

గోపురం ఎక్కడానికి వెళ్తున్నామని చెప్పాను. ఆవిడ నవ్వింది.

“పుట్టిన కాణ్ణుంచీ ఇక్కడే ఉన్నాను. బస్సెక్కితే దిగినట్టే తెలుక్ ఇంతాన్. రేపెల్దాం, ఎల్లుండెల్దాం అనుకున్నాను. ఇప్పుడు మోకాళ్ళు నేవు. నా బదులు కూడా ఎక్కి రండమ్మా.”

కాఫీకి డబ్బులు తీసుకోలేదు. పగిలిన కప్పుకూ తీసుకోలేదు.

వాలిన గోపురం

పీసా గోపురం తెల్లటి పాలరాయి. ఇది సున్నం కొట్టిన ఇటుక, చెక్క, పైన చైనా పద్ధతి పెంకుల చూరు. పోయిన శతాబ్దానికి ముందే ఒక చైనా కాంట్రాక్టరు ఊరి మధ్యలో దీన్ని కట్టాడు. పైన నీళ్ళ తొట్టి, ఆ పైన గడియారం. నది పక్క నేల మెత్తన, తొట్టి నిండా నీళ్ళ బరువు, అందుకని మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. బయటనుంచి చూస్తే ఎనిమిది అంతస్తులనిపిస్తుంది, లోపలికెళితే మూడే. గడియారం మాత్రం సరైన వేళ చూపిస్తోంది. చుట్టూ బట్టల కొట్లు, ఫోన్ల కొట్లు, సంచులు పట్టుకుని తిరిగే జనం. ఆ ఊరివాళ్ళు ఎవరూ తలెత్తి దాన్ని చూడరు.

మావారు చాలాసేపు చూశారు. కింది నుంచి మొదలుపెట్టి తల కొంచెం కొంచెంగా పైకెత్తుతూ, ఒక్కో అంతస్తూ విడివిడిగా. మొత్తం వాలు ఒకేసారి కనబడాలంటే రోడ్డు అవతలికి పోవాలి. అక్కడికి తీసుకెళ్ళాను. అప్పుడు కనబడింది. “ఒరిగే ఉన్నాది లా,” అన్నారు సంతోషంగా.

అక్కడ కౌలాలంపూర్ నుంచి వచ్చిన ఒక చైనీయుల పడుచు జంట, గోపురాన్ని అరచేతులతో ఆపుతున్నట్టు ఫొటో దిగాలని చూస్తున్నారు. పీసాలో అందరూ దిగే ఫొటోయే. ఆ అమ్మాయి ఫోను మావారి చేతికిచ్చి తీయమని మర్యాదగా అడిగింది. మా బంధువుల పెళ్ళిళ్ళన్నిటికీ ఫొటోలు తీసింది ఆయనే. ఆయన సరదాగా ఇటు జరగండి, చెయ్యి ఎత్తండి అని మలాయ్‌లో చెప్పి తీశారు. ఫోను నా పక్కనుంచే వెనక్కి వెళ్ళింది, నేను చూశాను. అందులో ఇద్దరి చేతులు, ఒక కరెంటు స్తంభం, చాలా ఆకాశం ఉన్నాయి. గోపురం లేదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, చాలా బాగా వచ్చింది అంకుల్ అని నవ్వి వెళ్ళింది. కొంత దూరం పోయాక ఇంకెవరినో అడిగి మళ్ళీ తీయించుకున్నారు. అది మావారి చూపు అందని పక్కన జరిగింది. ఆయనకు కనబడనందుకు నాకు హాయిగా అనిపించింది, వెంటనే ఏడుపు వచ్చింది.

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలి. కాపలా ఆయన మమ్మల్ని చూసి, మెట్లు నిలువుగా ఉంటాయి, మెల్లగా ఎక్కండి అన్నాడు. చల్లటి గోడలు, పాత చెక్క వాసన. గోపురం వాలింది కాబట్టి లోపల నడుస్తుంటే కాలు ఒక పక్కకు లాగుతుంది. నాకు మొదటి మలుపు దగ్గరే వెనక్కి దిగిపోదామనిపించింది. మావారికి మెట్టు అంచులు కనబడవు. పాదంతో తడిమి, దొరికాక బరువు వేస్తున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నానో, ఆయన నా చెయ్యి పట్టుకున్నారో చెప్పలేను. గోపురం చుట్టూ ఉన్న వసారా దాకా చేరాం. అంతకుపైన తాళం వేసి ఉంది.

నేను కటకటాలు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

“కళ్ళు తెరిసినావా?” అన్నారు ఆయన.

తెరిచాను అన్నాను.

“నేదు. తెరువు వరం.”

తెరిచాను. కింద ఎర్రటి పెంకుల కప్పులు, రేకుల కప్పులు, తీగల మీద పావురాలు, ఇళ్ళ వెనక దాపున నది పెద్ద వంపు తిరిగి గోధుమరంగులో మెరుస్తోంది. నేను పడిపోలేదు. ఇంతేనా అనిపించింది. ఎందుకు ఇన్నేళ్ళు భయపడ్డాను అనిపించింది. ఆయన్ను చూస్తే, ఆయన నది కోసం వెతుకుతున్నారు. నేను గడ్డం పట్టుకుని ఆయన మొహాన్ని అటు తిప్పాను.

కాసేపటికి ఆయన అన్నారు, “పొద్దున్న షిఫ్టులో ఓడ వచ్చేటప్పుడు ముందు ఓడ కనబడదు. నీళ్ళ రంగు మారతాది. అది నీకు సూపించాలని ఎన్నేళ్ళు అనుకున్నానో.”

నాకు కళ్ళు తెరిచే ధైర్యం వచ్చిన రోజున, చూపించాల్సిన మనిషికి చూపు లేదు. ఒక్క నాలుగేళ్ళు ముందు ఈ ఊరికి వచ్చి ఉంటే చాలు. క్లాంగ్ నుంచి ఇది ఒక్క పూట ప్రయాణం. ఇటలీ వెళ్ళబోతున్నాం కదా, ఇదెందుకు అనుకుంటూ ఈ గోపురాన్ని ఎప్పుడూ పక్కన పెట్టాం.

నది దగ్గర భోజనం

తెలుక్ ఇంతాన్‌లో తినవలసింది చీ చియోంగ్ ఫన్. మన ఆవిరి కుడుముల పిండిని కాగితంలా పలచగా పరిచి, ఎండు రొయ్యలు, తీపి దుంప తురుము చల్లి చుట్టినట్టు ఉంటుంది. వేరే ఊళ్ళలో దీన్ని ఎర్రటి పాకంలో ముంచి ఇస్తారు, ఇక్కడ పొడిగానే, ఊరబెట్టిన పచ్చిమిరపకాయలతో ఇస్తారు. నాలుగైదు రింగిట్లకు ఒక పొట్లం. అమ్మే ముసలాయన సాయంత్రం దాకా ఉండదు, ఇంకో పొట్లం కట్టించుకోండి అన్నాడు. కట్టించుకున్నాం. నది గట్టున చెట్టు కింద కూర్చుని తిన్నాం. పీసాలో గోపురం దగ్గర భోజనం చాలా ప్రియమట, పక్క సందులోకి వెళితే చవకట. మావారు ఇవన్నీ ఎప్పుడో తెలుసుకుని పెట్టుకున్నారు. ఆ సందు పేరు కూడా చెప్పబోయి ఆపేశారు.

ఇది రాసేనాటికి ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పినట్టే అయ్యింది, పోయింది రాలేదు, మిగిలింది నిలిచింది. నది గట్టున కూర్చున్నప్పుడు మాకు ఆ సంగతి తెలియదు. అంతా పోతుందేమోననే భయంతోనే ఇద్దరం తిన్నాం. ఇంటికి వెళ్ళిపోదామా అని అడిగాను. ఆయన ఇంకొకటి కూడా ఎక్కుదాం అన్నారు. ఫ్లోరెన్స్ గుమ్మటానికి బదులట.

కట్టి వదిలేసిన కోట

బతు గాజా దగ్గర వాగు పక్క దిబ్బ మీద ఉంది ఆ కోట. స్కాట్లాండు నుంచి వచ్చి రబ్బరు తోటలతో బాగుపడిన ఒక దొర, భార్యాబిడ్డల కోసం కట్టించడం మొదలుపెట్టాడు. ఇటుకలూ పాలరాయీ మన దేశం నుంచి, పనివాళ్ళు మద్రాసు వైపు నుంచి వచ్చారు. పని జరుగుతుండగా అంటురోగం వచ్చి కూలీలు చాలామంది చనిపోయారు. గుడి కట్టమని మిగిలినవాళ్ళు అడిగితే కట్టించాడట. కొంచెం దూరంలో ఆ గుడి ఇప్పటికీ ఉంది. కప్పు మీద దేవుళ్ళ పక్కన దొర బొమ్మ కూడా నిలబెట్టారు. దొర ఒకసారి సముద్రం దాటి వెళ్ళి, దారిలోనే జబ్బు చేసి పోయాడు. భార్య ఈ ఇల్లు అమ్మేసి వెళ్ళిపోయింది. ఎవరూ ఒక్క రోజు కూడా కాపురం ఉండలేదు. కిటికీలకు తలుపులు లేవు, గదులకు పేర్లు మాత్రం రాసి పెట్టారు. పిల్లల గది, భోజనాల గది, దొరసాని గది. మావారు ఆ పలకలను దగ్గరగా మొహం పెట్టి ఒక్కొక్కటే చదివారు.

పైకప్పుకు పోయే మెట్లు ఇరుకు, మలుపు మలుపుకూ చీకటి. ఎండలోంచి ఒక్కసారి చీకట్లోకి వస్తే మామూలు కళ్ళే తడబడతాయి. ఆయన నాలుగు మెట్లు ఎక్కి ఆగిపోయారు. పాదంతో తడిమారు, మెట్టు దొరకలేదు. ఒక్కసారి జారి గోడకు భుజం తగిలింది. మా వెనక ఒక మలాయ్ కుటుంబం ఓపికగా నిలబడింది. తొందరేమీ లేదు, నిదానంగా ఎక్కండి పెద్దాయనా అన్నాడు ఆ ఇంటాయన. ఆ మంచి మాట విన్నాక మావారు వెనక్కి దిగి, కింది మెట్టు మీద ఒక పక్కగా కూర్చుండిపోయారు.

వెళ్ళిపోదాం అన్నాను. ఆయన మెట్ల వైపు చెయ్యి చూపించారు.

“కిరేను మీదికి నేనొక్కణ్ణే ఎక్కేవోణ్ణి. నువ్వు కింద ఉండేదానివి. ఇప్పుడు నువ్వెల్లు. అంతా సూసి వచ్చి సెప్పు.”

నేను జీవితంలో మొదటిసారి ఒంటరిగా ఒక ఎత్తయిన చోటికి ఎక్కాను. పైన పిట్టగోడ మోకాలి ఎత్తే కొన్ని చోట్ల. ఆ కుటుంబం వాళ్ళు కాసేపు తిరిగి దిగిపోయారు. నేను నాలుగు మూలలకూ వెళ్ళాను. ఆయనకు చెప్పాలి కాబట్టి ఒక్కొక్కటీ మనసులో పెట్టుకున్నాను. వాగు ఎటు వంపు తిరిగిందో, వంతెన మీద ఎవరు నడుస్తున్నారో, గుడి గోపురం రంగులు, దూరంగా సున్నపురాయి కొండల వరస, వాటి వెనక నల్లటి మబ్బు. అంచున నిలబడి కిందికి కూడా చూశాను. మా కారు అగ్గిపెట్టెలా కనిపించింది.

దిగి వచ్చి పక్కన కూర్చుని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. కొండలు ఎన్ని రంగుల్లో ఉన్నాయో అడిగారు, చెప్పాను. వంతెన మీద ఉన్నది ఆడమనిషా మగమనిషా అని అడిగారు, చెప్పాను. బాగా సూసినావు అన్నారు. నాకు ఇటలీ అంతా చూసొచ్చినంత సంతోషమైంది. అప్పుడాయన అడిగారు.

“గాలి ఎట్నుంచి తోలతంది?”

నేను ఆలోచించాను. నా జుట్టు చెదిరిందని గుర్తుంది. పమిట ఎగిరిందని గుర్తుంది. ఎటు ఎగిరిందో గుర్తు లేదు. అది చూడలేదండీ అన్నాను.

“క్యాబిన్‌లో కూకోగానే నేను ముందు సూసేది అదే,” అన్నారు. తప్పు పట్టినట్టు కాదు, నాకు తెలియాలని.

ఇప్పుడే వెళ్ళి చూసొస్తాను అని లేచాను. అప్పటికే కాపలా ఆయన మెట్ల దారికి అడ్డంగా తాడు కడుతున్నాడు. ఒక్క నిమిషం, పైకెళ్ళి వచ్చేస్తాను అని నాకొచ్చిన మలాయ్‌లో బతిమాలాను. వేళ అయిపోయిందమ్మా, రేపు పొద్దున్న రండి అన్నాడు, పాపం నొచ్చుకుంటూనే.

మావారి చెయ్యి పట్టుకుని గడ్డి మీదుగా కారు దాకా నడిపించుకొచ్చాను. తలుపు తీశాక ఆయన వెంటనే కూర్చోలేదు. మొహం పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, చెంపకు గాలి తగిలేదాకా నిలబడ్డారు.

“పడమట నుంచి,” అన్నారు. “ఇది కిందిది. పైన ఏటో మరి.”